ఒకే తీరము, రెండు వలసలు

వలస వెళ్ళినవారి సంతతి వృద్ధిలోనికి వచ్చుటకు శ్రమ ఒక్కటే చాలునా? మన కోరంగి, కాకినాడ రేవుల నుండి మారిషస్‌కు, బర్మాకు వెళ్ళిన తెలుగువారి చరిత్రలు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నవి.

మారిషస్‌లో ఒప్పంద కూలీ విధానము 1834లో ప్రారంభమైనది. చెరకు తోటలలో మనవారు పడిన కష్టములు అపారము. అయినను వారు కుటుంబములతో స్థిరపడినారు. 1880 ప్రాంతము నుండి తోటల యజమానులు భూమిని ముక్కలు చేసి అమ్మగా, కూలీలు కూడబెట్టిన సొమ్ముతో సొంత చెక్కలు కొన్నారు. 1947 నాటి రాజ్యాంగము ఆ దీవిలో వాడుకలోనున్న ఏ భాషలోనైనను చదువను వ్రాయను నేర్చినవారికి ఓటు హక్కునిచ్చినది. పల్లె బడిలో దిద్దిన మాతృభాషాక్షరమే ఓటైనది! 1968లో స్వాతంత్ర్యము లభించినది. 1977లో మాధ్యమిక విద్య ఉచితమైనది. నేడు అచ్చట ఉగాది ప్రభుత్వ సెలవుదినము. పాఠశాలలలో తెలుగు, ఉర్దూ రెండును బోధింపబడుచున్నవి.

బర్మా కథ వేరు. మేస్త్రీలిచ్చిన అప్పుకు కట్టుబడి పురుషులు ఒంటరిగా వెళ్ళి, రంగూను రేవులోను ధాన్యపు మిల్లులలోను పనిచేసి తిరిగి వచ్చెడివారు. వారిలో అధికులకు అచ్చట భూమి లేదు, స్థిరనివాసము లేదు. 1930 మే నెలలో రేవు పనిపై రేగిన అల్లర్లలో అనేకులు హతులైనారు. 1942లో జపాను దాడికి వేలాదిమంది కాలినడకను స్వదేశము చేరినారు. 1962లో సైనిక పాలన వచ్చి వ్యాపారములను జాతీయము చేయగా మిగిలినవారిలోను పెక్కుమంది కట్టుబట్టలతో వచ్చినారు. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు వారి స్మృతిచిహ్నమే.

ఇరువురి చెమట ఒక్కటే. భూమి, ఓటు, బడి అను మూడింటియందే భేదమున్నది. విద్యార్థులారా! మాతృభాష అభ్యుదయమునకు ఆటంకమనువారికి మారిషస్ చరిత్రయే ప్రత్యుత్తరము.