ఆట ఆగిన నిమిషం

రాజపాళయంలో ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడుకునే మా ఇళ్ల పిల్లలకు కంప్యూటర్ ఆటలంటే ప్రాణం. ఆట నడుమ తెర బిగుసుకుపోతే చాలు, "తాతా, గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?" అంటూ వస్తారు. మిల్లులో కరెంటు పని, ఆ తర్వాత ఊళ్లో కంప్యూటర్ల రిపేరు నాకు నేర్పినవి వాళ్లకోసం రాసిపెడుతున్నాను.

1. ముందు టైము రాసుకోండి. తెర ఆగిన గంట, నిమిషం, ఎంతసేపు ఆగింది, తనంతట తనే కదిలిందా, అప్పుడు పాట వినిపిస్తూనే ఉందా, అన్నీ కాగితం మీద పెట్టండి. తర్వాత విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ విభాగం చూడండి. ఆ నిమిషానికి సరిపోయే హెచ్చరికనే, దాని నంబరుతో సహా, ముందు పట్టుకోవాలి.

2. అక్కడి ప్రతి పసుపు హెచ్చరిక గుర్తుకూ బెదరకండి. ఏ జబ్బూ లేని యంత్రంలోనూ అవి ఉంటాయి. డిస్ట్రిబ్యూటెడ్‌కామ్ 10016 వంటి వాటిని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ఈ గుర్తులనే చూపించి, వైరస్ చేరిందని ఫోన్లో భయపెట్టి డబ్బు గుంజేవాళ్లున్నారు. అలాంటి ఫోను వెంటనే పెట్టేయండి.

3. 129 గాని 153 గాని నంబరు కనిపిస్తే డిస్కు వైపు చూడండి. అడిగినదానికి డిస్కు బదులివ్వక విండోస్ దాన్ని రీసెట్ చేస్తే 129 పడుతుంది. చదవడమో రాయడమో మళ్లీ ప్రయత్నించాల్సి వస్తే 153. ఆ డేటా కోసం ఎదురుచూస్తూ ఆట ఆగిపోతుంది. అన్నిటికన్నా ముందు ఇంటి ఫొటోలు, చదువు ఫైళ్లు వేరేచోట దాచండి. ఆపైన డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చూడండి. సి7 లెక్క పెరుగుతుంటే సాధారణంగా తప్పు సాటా కేబుల్‌ది, 05, సి5 పెరుగుతుంటే డిస్కుదే. ఏవీ పెరగకపోతే పవర్ ఆప్షన్స్‌లో హై పెర్ఫార్మెన్స్ పెట్టి చూడండి. కరెంటు పొదుపు చేసే ఏర్పాటు వల్ల కూడా కొన్ని ఎస్‌ఎస్‌డీలు తడబడతాయి.

4. 4101 అంటే డిస్‌ప్లే డ్రైవర్ ఆగి, మళ్లీ లేచిందని. విస్టా కాలం నుంచీ గ్రాఫిక్స్ కార్డు 2 సెకన్లలో బదులివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను తిరిగి నడిపిస్తుంది. ఓవర్‌క్లాక్ తీసేయండి, డ్రైవర్ కొత్తగా వేయండి, కార్డు వేడి చూడండి. రిజిస్ట్రీలో ఆ గడువు పెంచితే ఎదురుచూపు పెరుగుతుందే గాని జబ్బు పోదు.

5. 41 చూసి ఎస్‌ఎంపీఎస్ కొనకండి. కెర్నల్‌పవర్ 41 చెప్పేది యంత్రం సరిగా షట్‌డౌన్ కాలేదనే. తెర ఆగిందని మీరే బటన్ నొక్కి ఆపినా అది పడుతుంది. దానికి ముందు ఏం నమోదైందో చదవండి. ఎవరూ ముట్టకుండా యంత్రం దానంతటదే ఆరిపోతుంటే అప్పుడు కరెంటును, ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించండి.

6. మన ఊరి గాలిని మరవకండి. పి.ఎ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించిన నాటినుంచి ఇది నూలు ఊరు. మిల్లుల దగ్గరి ఇళ్లలో పత్తి నూగు హీట్‌సింక్ రేకుల మధ్య చేరి గాలిని అడ్డుకుంటుంది. ఎండాకాలానికి ముందే ప్లగ్గు తీసి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, నూగు ఊదేయండి. ప్రాసెసర్ వేగం తగ్గించామని చెప్పే 37వ నంబరు హెచ్చరిక వస్తుంటే వేడి సంగతి తప్పక చూడాలి.

7. ఒకసారికి ఒకటే మార్చండి. కేబులూ డ్రైవరూ ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒకటి మార్చి, అదే ఆట అంతేసేపు ఆడి, ఆ నంబరు మళ్లీ పడిందేమో చూడండి. పడకపోతే ఏం మార్చారో రాసుకోండి. ఇదే ఇబ్బందితో వచ్చే పక్కింటి పిల్లవాడి తల్లిదండ్రులకు అనవసరపు ఖర్చు తప్పుతుంది.