మాగ్నెటో : ఒక ప్రతినాయకుని అంతరంగం

పాఠ్యాంశ ఉద్దేశం : కథలో ప్రతినాయకుని చేష్టల వెనుక గల కారణాలను పరిశీలించడం, ఒకే పాత్రను పలువురు రచయితలు పలు దశాబ్దాల పాటు రాసినప్పుడు ఆ కారణాలూ బంధుత్వాలూ ఏ విధంగా మారుతాయో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

కావ్యంలో నాయకుని గొప్పతనం చెప్పడానికి రెండు మార్గాలున్నాయని దండి మహాకవి ‘కావ్యాదర్శం’లో వివరించాడు. మొదట నాయకుని గుణాలను వర్ణించి, ఆ గుణాలతోనే శత్రువును జయించినట్లు చెప్పడం ఒక మార్గం. శత్రువు వంశాన్ని, పరాక్రమాన్ని, విద్యను సైతం ఘనంగా వర్ణించి, అటువంటి వానిని నాయకుడు గెలిచాడని చెప్పడం రెండవ మార్గం. ఈ రెండవది తనకు ఆహ్లాదం కలిగిస్తుందని దండి అభిప్రాయం. రావణుడు పౌలస్త్యుడనీ, వేదవేత్త అనీ, శివభక్తుడనీ మనకు తెలియకపోతే రాముని విజయం ఇంతటిది అయ్యేది కాదు కదా!

దండి చెప్పిన జాబితాలో వంశం మొదటిది. అయితే, వంశమే నిర్ణయం కాని ప్రతినాయకుడు ఒకడున్నాడు. అతనిది పురాణకథ కాదు, అమెరికా దేశపు బొమ్మల కథ. అతని పేరు మాగ్నెటో. ఏ తల్లిదండ్రులకు పుట్టాడో, ఎవరిని కన్నాడో, అసలు అతడు పోరాడుతున్నది ఎందుకో ఆరు దశాబ్దాలుగా రాస్తూ, దిద్దుతూ, కొట్టివేస్తూ, మళ్లీ రాస్తూనే ఉన్నారు. బొమ్మల కథలు బాలుర కాలక్షేపమని తీసిపారవేసేవారు ఈ ఒక్క పాత్రను పరిశీలించినా తమ అభిప్రాయాన్ని మార్చుకొనవలసి వస్తుంది.

మార్వెల్ సంస్థ 1963 సెప్టెంబరు సంచికగా ‘ఎక్స్-మెన్’ పత్రికను ప్రారంభించింది. రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కర్బీ. మ్యూటెంట్లు, అంటే పుట్టుకతోనే అసాధారణ శక్తులు గల మానవులు, ఈ కథలకు మూలం. మానవులతో సామరస్యంగా జీవించాలని బోధించే ప్రొఫెసర్ జేవియర్ ఒక వైపు, మానవులను లొంగదీసుకోవాలనే మాగ్నెటో మరొక వైపు. లోహాలను, అయస్కాంత శక్తిని శాసించగల మాగ్నెటో తొలి సంచికలోనే ఒక క్షిపణి కేంద్రాన్ని ఆక్రమించాడు. ఎందుకు? తన జాతి గొప్పది కనుక లోకాన్ని అది ఏలాలి. అంతకు మించి కారణం లేదు. నాటి మాగ్నెటో ప్రగల్భాలు పలికే క్రూరుడు మాత్రమే. లోతు కోసం వెదికినా దొరకదు.

1964 మార్చి నాటి నాలుగవ సంచికలో అతని అనుచరులుగా ఇద్దరు కవలలు ప్రవేశించారు. మెరుపు వేగంతో పరుగెత్తగల పియెట్రో, ఊహకందని దుర్ఘటనలను కలిగించగల వాండా. వీరినే క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్ అంటారు. వాండాను మంత్రగత్తె అని తలచి గ్రామస్థులు చంపబోగా మాగ్నెటో కాపాడాడు. ఆ ఋణం తీర్చుకోవడానికే కవలలు అతని వెంట నడిచారు. ఆ సంచికలోనే మాగ్నెటో ఒక చిన్న దేశాన్ని అణుబాంబుతో ధ్వంసం చేయబూనగా, దానిని నిర్వీర్యం చేసినవాడు పియెట్రోయే. మనసులో ఏవగింపు, మెడ మీద కృతజ్ఞతా భారం. తండ్రీ బిడ్డల కథగా దీనిని తరువాతి వారు చదువుకొన్నారు గాని, స్టాన్ లీకి అట్టి ఆలోచన ఉన్నట్లు ఆ పుటలలో ఎక్కడా సూచన లేదు. 1965లో కవలలు మాగ్నెటోను విడిచి ‘అవెంజర్స్’ అనే వీరుల బృందంలో చేరిపోయారు.

అనాథలైన వీరోచిత పాత్రలు కనబడితే వారి తల్లిదండ్రులెవరో తేల్చకుండా రచయితలు ఊరుకోలేరు. 1974లో రాయ్ థామస్ ఒక సమాధానం చెప్పాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు వీరుడైన విజర్, అతని భార్య మిస్ అమెరికా వీరి తల్లిదండ్రులట. ఈ కథ అయిదేళ్లు నిలిచింది.

1979లో ‘అవెంజర్స్’ 185 నుండి 187 వరకు గల సంచికలలో ఆ సమాధానం తారుమారైంది. తూర్పు ఐరోపాలో వండగోర్ అనే కల్పిత పర్వతం మీద బోవా అనే మంత్రసాని ఉంది. ఆమె ఒకప్పుడు గోవు, ఒక శాస్త్రజ్ఞుడు ఆమెకు మానవ రూపం, బుద్ధి కల్పించాడు. (గోవు మంత్రసాని అయిందని నవ్వవద్దు. కామధేనువు మాట్లాడిన కథలు మనకు కొత్త కాదు.) ఆ బోవా వాండాకు నిజం చెప్పింది. ఒక మంచు రాత్రి మాగ్దా అనే నిండు చూలాలు ప్రాణభయంతో వచ్చి తలుపు తట్టింది. ఆమె భయపడింది శత్రువులను చూసి కాదు, తన భర్తను చూసి. కవలలను కని, వారి ఉనికి ఆ భర్తకు తెలియరాదని, ఆమె మంచులో కలిసిపోయింది. కొంతకాలానికి అక్కడికే వచ్చిన మిస్ అమెరికాకు మృతశిశువు జన్మించింది. ఆమె కూడా మరణించింది. బోవా మాగ్దా బిడ్డలనే విజర్ బిడ్డలని చెప్పి అతని చేతిలో పెట్టబోయింది. భార్యావియోగ దుఃఖంతో అతడు పారిపోయాడు. చివరకు ఆ శిశువులు జాంగో మాక్సిమాఫ్ దంపతుల వద్ద పెరిగారు.

ఇంతకూ ఆ భర్త ఎవరు? బోవాకు తెలియదు. ‘అవెంజర్స్’ పత్రిక చెప్పలేదు. అదే ఏడాది ‘ఎక్స్-మెన్’ 125వ సంచికలో మాగ్నెటో ఏకాంతంగా ఒక స్త్రీ చిత్రాన్ని చూస్తూ గతాన్ని తలచుకొన్నాడు. ఆమె పేరు మాగ్దా. రెండు పత్రికలనూ కొని చదివేవానికి మాత్రమే రహస్యం తెలిసింది. ఒక పత్రికలో ప్రశ్న, మరొక పత్రికలో జవాబు! కథా కథనంలో ఇంత నేర్పు అరుదు.

మనకు ఇక్కడ కర్ణుడు గుర్తుకు రావడం సహజం. అక్కడ జన్మరహస్యం తల్లికి తెలుసు. యుద్ధం ముంగిట శ్రీకృష్ణుడు, ఆపై కుంతి చెప్పగా కుమారునికి తెలిసింది. తెలిసినా కర్ణుడు దుర్యోధనుని విడువలేదు, ఉప్పు తిన్న ఋణం అడ్డు వచ్చింది. మాగ్నెటో కథలో రహస్యం తండ్రికే తెలియదు. తన బిడ్డలనే సైనికులుగా వాడుకొన్నాడు, కసరుకొన్నాడు, అణుబాంబు వద్ద వదిలి వెళ్లాడు. కర్ణునికి ఎదురైనది ఎటు నిలవాలనే ప్రశ్న. మాగ్నెటోకు ఎదురైనది చేసిన దానిని ఎలా సహించాలనే ప్రశ్న. రెండవది ఏ విధంగానూ తేలికైనది కాదు. 1983 ఫిబ్రవరి సంచికగా వెలువడిన ‘ది విజన్ అండ్ ది స్కార్లెట్ విచ్’ నాలుగవ భాగంలో అతడే వచ్చి కవలలకు తాను తండ్రినని చెప్పాడు. వారు అతని పాదాలపై పడలేదు. అప్పటికి పియెట్రోకు లూనా అనే కూతురు ఉంది. ఏ శక్తీ లేని సామాన్య మానవ శిశువు! మానవజాతిని ద్వేషించిన వాని మనుమరాలు మానవురాలే కావడం రచయితల చమత్కారం.

బంధుత్వం ఇట్లుండగా, అతని ఉద్దేశాల సంగతి ఏమిటి? ఇక్కడ క్రిస్ క్లేర్‌మాంట్ అనే రచయిత ప్రమేయం ఉంది. అతడు యౌవనంలో ఇజ్రాయెల్‌లోని ఒక సమష్టి వ్యవసాయ క్షేత్రంలో కొంతకాలం గడిపి, నాజీల మారణకాండ నుండి బయటపడిన వారిని చూసినవాడు. 1981 అక్టోబరు నాటి 150వ సంచికలో మాగ్నెటో ప్రపంచ దేశాలన్నీ ఆయుధాలు విడువవలెనని శాసించాడు. సోవియట్ జలాంతర్గామి అతనిపై క్షిపణులు ప్రయోగించగా, దానిని సిబ్బందితో సహా ముంచివేశాడు. ఆ సంచిక చివర పోరాటంలో కిట్టీ ప్రైడ్ అనే బాలికను పడగొట్టి, ఆమె చనిపోయిందనుకొని నిశ్చేష్టుడయ్యాడు. ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో తాను పెరిగిన సంగతి పాఠకులకు అప్పుడే తెలిసింది. ఏ హంతకులను ద్వేషిస్తూ బ్రతికాడో వారి రూపమే తనలో కనిపించింది. పద్దెనిమిదేళ్ల పాటు బోలుగా ఉన్న పాత్ర ఒక్క సంచికతో బరువెక్కింది.

మరుసటి ఏడాది 161వ సంచికలో జేవియర్, మాగ్నెటో ఒకప్పుడు హైఫా నగరపు ఆసుపత్రిలో మిత్రులుగా పనిచేసినట్లు క్లేర్‌మాంట్ చూపాడు. ఇద్దరూ మారణకాండ బాధితులకు సేవ చేసినవారే. మళ్లీ అటువంటిది జరుగుతుందని ఒకరి నమ్మకం, జరగనీయకుండా మనుషులను మార్చవచ్చునని మరొకరి నమ్మకం. ఈ పాత్రను మలచడంలో మెనాహెమ్ బెగిన్ జీవితం తన మనసులో ఉందని క్లేర్‌మాంట్ చెప్పాడు. బ్రిటిష్ పాలనపై సాయుధ దాడులు జరిపిన సంస్థకు నాయకుడైన బెగిన్, ఆపై ఇజ్రాయెల్ ప్రధాని అయి, 1978లో అన్వర్ సాదత్‌తో కలిసి నోబెల్ శాంతి బహుమతి పొందాడు. 1985 డిసెంబరు నాటి 200వ సంచికలో మాగ్నెటోకు పారిస్‌లో విచారణ జరగడం, జేవియర్ తన పాఠశాలను అతనికి అప్పగించడం ఈ ఆలోచనకు కొనసాగింపే. అయితే ఆ మార్పు నిలువలేదు, 1991 నాటికి అతడు మరల శత్రుస్థానానికి చేరాడు. ప్రతినాయకుడు లేక పత్రికలు అమ్ముడుపోవు కాబోలు!

నా దృష్టిలో ఈ పాత్రకు తాళపుచెవి వంటిది 1987లో ‘క్లాసిక్ ఎక్స్-మెన్’ 12వ సంచికలో వచ్చిన చిన్న కథ. చిత్రకారుడు జాన్ బోల్టన్. శిబిరం నుండి బయటపడిన యువకుడు, మాగ్దా, వారి చిన్నారి కూతురు ఆన్యా ఉక్రెయిన్‌లోని విన్నిత్సా పట్టణం చేరారు. బస చేసిన ఇల్లు అంటుకొంది. లోపల ఆన్యా. కాపాడగల శక్తి అతనికుంది. కాని గుంపు అతనిని పట్టి నిలిపింది. బిడ్డ కళ్లెదుట దగ్ధమైంది. మరుక్షణం అతని శక్తి విజృంభించి ఆ గుంపును సంహరించింది. అది చూసిన మాగ్దా, భర్తను విడిచి పరుగెత్తింది. ఆ పరుగే వండగోర్ వరకు సాగింది.

ఇప్పుడు ప్రశ్న వేసుకొందాం. అతడు జాతి రక్షణ కోసం పోరాడుతున్నాడా, ఆన్యా కోసం పగ తీర్చుకొంటున్నాడా? రెండింటినీ విడదీయలేము. జాతి పేరు చెప్పినప్పుడెల్లా వెనుక ఆన్యా ముఖం ఉంటుంది. ఆ దుఃఖం అతని క్రూరత్వాన్ని వివరిస్తుంది గాని కడిగివేయదు. మాగ్దా ఇందుకు సాక్షి. ఆమె కూడా అదే శిబిరంలో బాధపడింది, అదే బిడ్డను పోగొట్టుకొంది, అయినా భర్త చేసిన పనిని అంగీకరించలేదు. విమర్శకులు ఈమెను అంతగా పట్టించుకోకపోవడం లోపమే.

అతని జన్మ వృత్తాంతం కూడా చిక్కుముడే. 1990లలో అతనికి ఎరిక్ లెన్షర్ అనే పేరు, రోమా సంచార జాతివాడన్న సూచన వచ్చాయి. తరువాత అది నకిలీ పత్రాలతో పెట్టుకొన్న పేరని తేల్చారు. 2008–09లో గ్రెగ్ పాక్ రచించిన ‘మాగ్నెటో : టెస్టమెంట్’ అతడు మాక్స్ ఐజెన్‌హార్ట్ అనే జర్మన్ యూదు బాలుడని స్పష్టం చేసింది. ఆ అయిదు భాగాలలో అద్భుత శక్తుల ప్రదర్శన దాదాపు లేదు. చరిత్రే కథ.

ఇక అసలు విడ్డూరం. 2014లో ‘యాక్సిస్’ అనే కథలో వాండా తన రక్తసంబంధీకులపై శాపం విసిరింది. పియెట్రోకు తగిలింది, మాగ్నెటోకు తగలలేదు! అంటే ముప్పయి ఒక్క ఏళ్లుగా తండ్రి అనుకొన్నవాడు తండ్రి కాదన్నమాట. 2016లో నటాల్యా మాక్సిమాఫ్ అనే స్త్రీ కన్నతల్లిగా వచ్చింది. ఎక్స్-మెన్ చలనచిత్ర హక్కులు అప్పట్లో ఒక సంస్థ వద్ద, అవెంజర్స్ హక్కులు మరొక సంస్థ వద్ద ఉండడమే ఇందుకు కారణమని పాఠకులలో చాలామంది అనుమానించారు. కారణమేదైనా, ఒక్క కలంపోటుతో బంధుత్వాన్ని తెంచవచ్చునేమో గాని, 1983 నుండి ఆ ముగ్గురు పడిన వేదనను చదివినవారి మనసులోంచి తుడిచివేయడం సాధ్యం కాదు. ఈ మార్పు నాకు నచ్చలేదు.

తెరపై మాత్రం ఆ బంధం బ్రతికింది. 2000లో వచ్చిన ‘ఎక్స్-మెన్’ చిత్రం 1944 నాటి పోలండ్ శిబిరంలో, తల్లిదండ్రుల నుండి వేరుచేయబడిన బాలునితో మొదలవుతుంది. 2016 నాటి ‘ఎక్స్-మెన్ : అపోకలిప్స్’లో క్విక్‌సిల్వర్ తన తండ్రి ఎదుట నిలబడి కూడా, నేను నీ కుమారుడనని చెప్పలేక ఊరుకొంటాడు. పుస్తకాలలో 2021 నాటి ‘ది ట్రయల్ ఆఫ్ మాగ్నెటో’ కథకు వాండా మరణం, ఆ నేరం మాగ్నెటోపై పడడం ఆధారాలు. రక్తసంబంధం లేదని తెలిసిన తరువాత కూడా ఆ కథలో వారిద్దరూ పరస్పరం తండ్రీ కూతుళ్లుగానే భావించుకొన్నారు. పియెట్రో మాత్రం అంత తేలికగా మెత్తబడలేదు.

ప్రశ్నలు

1. మాగ్దా భర్తను విడిచి వెళ్లడం సమంజసమేనా? విన్నిత్సా ఘటన ఆధారంగా చర్చించండి.
2. కర్ణుని జన్మరహస్యానికి, వాండా–పియెట్రోల జన్మరహస్యానికి గల భేదాలను వివరించండి.
3. “అతని దుఃఖం క్రూరత్వాన్ని వివరిస్తుంది గాని కడిగివేయదు.” సందర్భసహిత వ్యాఖ్య రాయండి.
4. దండి చెప్పిన రెండవ మార్గానికి మీరు చదివిన కావ్యం నుండి ఒక ఉదాహరణ ఇవ్వండి.