పాత కోతలు, పిత్తాశయ రాళ్లు

శస్త్రచికిత్స నేర్చుకుంటున్న చిరంజీవికి,

పిత్తాశయంలో రాళ్లున్న మనిషికి అంతకుముందే కడుపు ఆపరేషన్ జరిగి ఉంటే, నొప్పికి రెండు మూలాలు ఉండవచ్చు. ఒకటి రాళ్లు, రెండోది పాత కోత తర్వాత లోపల ఏర్పడిన అతుకులు. ఏ బాధ దేనివల్ల వస్తోందో తేల్చుకున్నాకే చికిత్స మాట ఎత్తాలి.

కాలేయం కింద ఉండే పిత్తాశయం పైత్యరసాన్ని నిల్వచేసి, నూనె, నెయ్యి తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. దాని మెడలో రాయి ఇరుక్కుంటే కుడి డొక్క కిందనో పొట్ట పైభాగంలోనో తీవ్రమైన నొప్పి పుట్టి, కొన్ని గంటల దాకా నిలవవచ్చు. వీపుకో కుడి భుజానికో పాకుతుంది. చాలామంది దీన్ని గ్యాస్ నొప్పి అనుకుని ఏళ్ల తరబడి మాత్రలతో నెట్టుకొస్తారు. పరగడుపున తీసే స్కానింగ్‌లో రాళ్లు తేలిగ్గా దొరుకుతాయి. బాధపెట్టని రాళ్లకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. నొప్పి తెచ్చినవి మళ్లీ తెస్తాయి కనుక పిత్తాశయాన్నే తీసేస్తారు. కామెర్లు కనిపిస్తే రాయి పైత్యనాళంలోకి జారిందేమో చూడాలి. అలా జారినదాన్ని ఎక్కువగా ఎండోస్కోపీతో తీస్తారు. జ్వరం కూడా తోడైతే ఒక్క పూట ఆలస్యమూ మంచిది కాదు.

అతుకుల సంగతి వేరు. పేగులను కప్పే పలుచని పొర దెబ్బతిన్న చోట ఫైబ్రిన్ అనే జిగురు పేరుకుంటుంది. అది కొద్ది రోజుల్లో కరిగిపోవాలి. కరగకపోతే నారపట్టీలుగా గట్టిపడి పేగును పేగుకో, పొట్టగోడకో అంటిస్తుంది. కడుపు తెరిచిన వారిలో అత్యధికులకు ఎంతో కొంత అతుకులు ఉంటాయి. చాలామందికి వాటివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. వాంతులు, ఉబ్బరం, మలమూ గాలీ ఆగిపోవడం మాత్రం పేగు మూసుకుపోయిందనడానికి గుర్తులు. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. ముక్కులో గొట్టం, సెలైన్‌తోనే చాలామందికి సర్దుకుంటుంది. పేగుకు రక్తం అందడం లేదన్న అనుమానం వస్తే ఆపరేషనే మార్గం.

దీర్ఘకాలపు నొప్పి ఒక్కదాని కోసమే అతుకులు కోయడం వల్ల మేలు తక్కువ. 2003లో నెదర్లాండ్స్ వైద్యులు 100 మంది రోగులపై చేసిన పరిశోధనలో, అతుకులు కోసినవారికీ లాపరోస్కోపుతో చూసి వదిలేసినవారికీ ఉపశమనం దాదాపు ఒకేలా దొరికింది. పైగా కోసిన చోట కొత్త అతుకులు పుడతాయి.

అందుకే పాత ఆపరేషన్ల వివరం కీలకం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో సిజేరియన్లు 60 శాతం దాటాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు ఎక్కువ. "ఇదివరకు ఆపరేషన్ ఏదైనా అయిందా?" అంటే "లేదండీ" అంటారు. కు.ని. ఆపరేషన్‌ను వారు లెక్కలో వేయరు. బొడ్డు కింద అంగుళమంత మచ్చ అసలు విషయం చెబుతుంది. దాన్ని చూడకుండా పరీక్ష పూర్తి కాదు.

ఇక ఆపరేషన్ సంగతి. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ తొలిసారి పిత్తాశయాన్ని తొలగించాడు. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె లాపరోస్కోపుతో ఆ పని చేశాడు. ఈ పద్ధతిలో మచ్చలున్న కడుపులో మొదటి గొట్టం దించే క్షణమే ప్రమాదకరం, కింద పేగు అంటుకుని ఉండవచ్చు. కాబట్టి పాత మచ్చకు దూరంగా, కళ్లతో చూస్తూ పొరపొరగా తెరవాలి, లేదా ఎడమ పక్కటెముకల కింద నుంచి ప్రవేశించాలి. పిత్తాశయానికి చేరే దారికి అడ్డొచ్చే అతుకుల్నే కోయాలి. పేగు దగ్గర కరెంటు వాడకుండా కత్తెరతో విడదీయడం క్షేమం. పిత్తాశయంలోకి వెళ్లేవి ఒక నాళం, ఒక ధమని మాత్రమేనని స్పష్టంగా కనిపించేదాకా దేన్నీ క్లిప్ చేయకూడదు. దారి తెలియకపోతే పిత్తాశయంలో కొంత భాగం వదిలేయడమో, పొట్ట తెరవడమో వివేకం. అది ఓటమి కాదు.

పొట్ట తెరవాల్సి రావచ్చనీ, పేగుకు గాయం కావచ్చనీ, అతుకుల నొప్పి మిగిలిపోవచ్చనీ సంతకానికి ముందే తెలుగులో విడమరిచి చెప్పాలి. పాత డిశ్చార్జి కాగితాలు తెమ్మనాలి. పిత్తాశయం పోయాక పైత్యరసం నేరుగా పేగులోకే కారుతుంది. కొన్నాళ్లు విరేచనాలు కావచ్చు, ఆ తర్వాత చాలామంది మామూలుగానే తింటారు. ఇంటికి పంపేటప్పుడు జ్వరం, కామెర్లు, ఆగని వాంతులు, పెరుగుతున్న కడుపునొప్పి వస్తే వెంటనే రావాలని రోగికీ, వెంట ఉన్నవారికీ చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వాలి.