రెండు లోహాల పొత్తు
(కార్బన్ మోనాక్సైడ్‌కు విరుగుడుగా మిశ్రమలోహ ఉత్ప్రేరకాలు)



అమ్మోనియా తయారుచేసే హేబర్ పద్ధతిలో ఇనుము ఉత్ప్రేరకమనీ, కార్బన్ మోనాక్సైడ్ దానికి విషమనీ మనం చదువుకుంటాం. పరీక్షలో రాస్తే మార్కు కూడా వస్తుంది. కానీ ఒక వాయువు లోహానికి విషం ఎలా అవుతుంది? దానికి విరుగుడు ఏమిటి? ఇంధన ఘటాన్ని ఉదాహరణగా తీసుకుని తెలుసుకుందాం.

ఇంధన ఘటం
హైడ్రోజన్‌ను మంటపెట్టకుండా, ఆక్సిజన్‌తో కలిపి నేరుగా విద్యుత్తు ఇచ్చే సాధనం ఇంధన ఘటం. బ్రిటన్ శాస్త్రవేత్త విలియం గ్రోవ్ 1839లో దీని మూలసూత్రాన్ని చూపాడు. 1965లో అమెరికా వ్యోమనౌక జెమిని-5లో పాలిమర్ పొర గల ఘటాలను వాడారు. ఈ రకం ఘటం సుమారు 80 డిగ్రీల సెల్సియస్ వద్ద పనిచేస్తుంది. ఆనోడ్ మీద సన్నని ప్లాటినం రేణువులు ఉంటాయి. హైడ్రోజన్ అణువు వాటిపై వాలి, రెండు పరమాణువులుగా విడిపోయి, ఎలక్ట్రాన్లను వదిలి ప్రోటాన్లుగా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్ల ప్రవాహమే మనకు కావలసిన కరెంటు.

విషం ఎక్కేది ఇలా
నేటికీ హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం సహజవాయువు, బొగ్గుల నుంచే వస్తోంది. ఆ తయారీలో కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. ఎంత శుద్ధిచేసినా కొంత మిగలవచ్చు. పది లక్షల అణువులలో 10 ఉన్నా చాలు, శుద్ధ ప్లాటినం ఆనోడ్ పని మందగిస్తుంది. అందుకే వాహనాల హైడ్రోజన్‌కు అంతర్జాతీయ ప్రమాణం పది లక్షలకు 0.2 మాత్రమే అనుమతిస్తుంది.

కారణం అధిశోషణం. కార్బన్ మోనాక్సైడ్ తన కార్బన్ వైపు నుంచి ప్లాటినాన్ని గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టినవాడు ఆఖరి స్టేజీ దాకా దిగనట్టే, అది ఆ చోటు వదలదు. హైడ్రోజన్‌కు వాలే చోటు దొరకదు. మన రక్తంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. హిమోగ్లోబిన్‌లోని ఇనుమును ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకూడదనేది ఇందుకే. దీనికి రంగు లేదు, వాసన లేదు.

కాల్చి తీసేయాలంటే
ఉపరితలానికి అతుక్కున్న కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరిస్తే కార్బన్ డయాక్సైడ్‌గా మారి వెళ్లిపోతుంది. దానికి కావలసిన ఆక్సిజన్ నీటి నుంచి రావాలి. అంటే నీటి అణువు విడిపోయి, హైడ్రాక్సిల్ సమూహం పక్క చోటులో కూర్చోవాలి. ప్లాటినం మీద ఇది చురుకుగా జరగాలంటే పొటెన్షియల్ సుమారు 0.7 వోల్టులకు చేరాలి. ఇక్కడే అసలు చిక్కు. ఘటం వోల్టేజి అంటే కాథోడ్ పొటెన్షియల్ నుంచి ఆనోడ్ పొటెన్షియల్ తీసివేయగా మిగిలేది. కాథోడ్ 0.75 దగ్గర ఉందనుకుందాం. ఆనోడ్ సున్నా దగ్గర ఉంటే 0.75 వోల్టులు మనకు దక్కుతాయి. అదే 0.7కు ఎక్కితే మిగిలేది 0.05 మాత్రమే! విషం పోయినా ఫలితం ఉండదు.

రెండో లోహం చేసే మేలు
ప్లాటినంకు రుథేనియం చేరిస్తే దారి దొరుకుతుంది. రుథేనియం చాలా తక్కువ పొటెన్షియల్ వద్దే నీటిని విడదీసి హైడ్రాక్సిల్‌ను పట్టి ఉంచుతుంది. పక్కనున్న ప్లాటినం మీది కార్బన్ మోనాక్సైడ్ దానితో కలిసి కాలిపోతుంది. ఒక లోహం విషాన్ని పట్టుకుంటే, రెండోది ఆక్సిజన్ అందిస్తుంది. దీనిని ద్విక్రియా విధానం అంటారు. జపాన్ శాస్త్రవేత్తలు వతనబే, మోటో 1975లో దీనిని వివరించారు.

మరో మేలు ఎలక్ట్రానిక్ ప్రభావం. రుథేనియం పొరుగున ఉంటే ప్లాటినం ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిలు కొద్దిగా మారతాయి, కార్బన్ మోనాక్సైడ్ పట్టు సడలుతుంది. ఈ రెండు ప్రభావాలకూ రెండు రకాల పరమాణువులు పక్కపక్కన ఉండాలి. రెండు పొడులను ఊరికే పక్కన పోస్తే చాలదు, మిశ్రమలోహం కావాలి. ఉపరితలంపై రెండూ దాదాపు సమానంగా ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఆక్సీకరణ బాగా జరుగుతుందని తేలింది.

మూడు ప్లాటినంలకు ఒక తగరం చొప్పున ఉన్న మిశ్రమలోహం ఇంకా తక్కువ పొటెన్షియల్ వద్దే ఈ పని మొదలుపెడుతుంది. తగరం మీద కార్బన్ మోనాక్సైడ్ అంటుకోదు కనుక, హైడ్రాక్సిల్‌కు అక్కడ పోటీ ఉండదు. అయితే మిథనాల్ ఇంధనానికి మాత్రం రుథేనియం జతే మేలు. అన్నిటికీ ఒకే మందు లేదన్నమాట.

లోటుపాట్లు
ప్లాటినం, రుథేనియం రెండూ అరుదైనవి, ఖరీదైనవి. పైగా రుథేనియం కాలక్రమంలో కరిగి, పొర దాటి కాథోడ్‌కు చేరి దాని పనిని చెడగొడుతుంది. తక్కువ లోహంతో ఎక్కువ కాలం పనిచేసే ఉత్ప్రేరకం కోసం పరిశోధన సాగుతూనే ఉంది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఏఆర్‌సీఐ సంస్థకు ఇంధన ఘటాల కోసమే చెన్నైలో ఒక కేంద్రం ఉంది. మన హాస్టళ్ల నుంచి కెమిస్ట్రీ చదవబోయేవారు ఈ దారినీ మనసులో పెట్టుకోవాలని కోరుతున్నాం.

మీకు మీరే జవాబు చెప్పుకోండి
1. కార్బన్ మోనాక్సైడ్ కాలడానికి ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుంది?
2. ఆనోడ్ పొటెన్షియల్ పెరిగితే ఘటం వోల్టేజి ఎందుకు తగ్గుతుంది?
3. రెండు లోహాల పరమాణువులు పక్కపక్కనే ఎందుకు ఉండాలి?