మైలాంబ చెఱువు

కాకతీయుల తొలి పూర్వులెవ్వరను ప్రశ్నకు విపులముగ బదులొసగినది ఒక ఆడపడుచు. ఆమె మైలాంబ, గణపతిదేవునికి సోదరి, నతవాటి రుద్రునకు భార్య.

హనుమకొండ వేయిస్తంభముల గుడిలో రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనమున జగిత్యాల చెంతనున్న పొలవాసను గెలిచిన కథ కలదు. కాని యందలి వంశావళి త్రిభువనమల్లునితోనే మొదలగును. అంతకు ముందటివారి మాట లేదు.

13వ శతాబ్దిలో మైలాంబ బయ్యారమున పెద్ద చెఱువు త్రవ్వించి, శాసనము నిలిపెను. చెఱువునకు వంశావళి యేల యనరాదు. దాత కులమును కీర్తించుట నాటి పద్ధతి. మెట్టినింటి కోడలయ్యు ఆమె పుట్టినింటి పూర్వులను మఱవలేదు. వెన్నడు కాకతిపురము నుండి యేలెననియు, అందుచే నతని సంతతివారు కాకతీశులైరనియు, పిదప మువ్వురు గుండరాజులు కలిగిరనియు ఆ ఱాతిపై చెక్కించెను.

ఆ చెఱువునీరు నేటికిని బయ్యారపు పొలములకు పాఱుచున్నది.