ఈ రాళ్ల సంగతేమిటని పిల్లలు అడిగితే

వాక్యభాగం: యెహోషువ 4:1-9



యొర్దాను దాటినప్పుడు ఇశ్రాయేలీయులు నది నడుమ నుండి పన్నెండు రాళ్లు మోసుకొచ్చారు. రేపు పిల్లలు వాటిని గూర్చి అడిగితే జరిగింది చెప్పాలన్నది ఆజ్ఞ. ఒక సంగతి గమనించారా? రాయి తనంతట తాను ఏమీ చెప్పదు. పక్కన నిలబడి చెప్పే మనిషి వెళ్లిపోతే అది ఉత్త రాయే.

బంటింగ్‌లో మన ఇళ్లలోనూ అలాంటివి ఉన్నాయి. తుప్పు పట్టిన రేకు పెట్టె, ఇత్తడి చెంబు, రబ్బరు చెట్టు గీసే కత్తి. విశాఖపట్నం, కాకినాడ, మద్రాసు రేవుల్లో ఓడెక్కిన మన పెద్దలు పినాంగులోనో, ఇప్పుడు పోర్ట్ క్లాంగ్ అంటున్న పోర్ట్ స్వెటెన్‌హామ్‌లోనో దిగి, కంగాణీల వెంట తోటలకు వెళ్లారు. 1938లో ఇండియా ప్రభుత్వం కూలీల వలసను ఆపింది. జపాను ఏలుబడి వచ్చాక, 1942, 43 సంవత్సరాల్లో ఆ తోటల నుండే ఎందరినో సయాం-బర్మా రైలు దారి పనికి తీసుకుపోయారు. 415 కిలోమీటర్ల ఆ దారిలో వేలాది కూలీలు రాలిపోయారు. తమిళులతో పాటు మనవాళ్లూ ఉన్నారు. అక్కడ పనిచేసిన తెల్ల యుద్ధఖైదీలు పుస్తకాలు రాసుకున్నారు. మన కూలీలు రాసుకున్నవి బహు కొద్ది. అప్పటి పదేళ్ల పిల్లకు ఇప్పుడు తొంభై దాటాయి.

కాబట్టి ఊరికే "మీ కథ చెప్పు మామ్మా" అనకండి. "నా కథేముంది" అని ఊరుకుంటుంది. ఆ చెంబు చేతికిచ్చి, ఇది ఎవరిది, ఎక్కడ కొన్నారు అని అడగండి. మాట దానంతటదే వస్తుంది. ఇంటి పేరు తప్పక అడగండి. మన ఐసీలో "అనాక్ లెలాకి" తరువాత తండ్రి పేరుంటుంది, ఇంటి పేరుకు గడి లేదు. అది పోతే ఊరి జాడ కూడా పోయినట్టే.

ఆమె "గుంటడు" అంటే "గుంటడు" అనే రాయండి, "అబ్బాయి" అని దిద్దవద్దు. తెలుగు చదవలేని పిల్లల కోసం కింద ఇంగ్లీషులోనో మలయులోనో నాలుగు మాటలు రాయండి. ఎవరు చెప్పారు, ఏ తేదీన అన్నది కూడా.

కొన్ని మాటలు మనకు ఇబ్బందిగా ఉంటాయి. తోటలో కల్లు దుకాణం, అప్పు, పారిపోయిన చిన్నాన్న. అరణ్యంలో సణిగిన ప్రజలను గూర్చి, దావీదు పాపాన్ని గూర్చి లేఖనం దాచలేదు. మనం ఎందుకు దాచాలి? అయితే బతికున్నవారి పరువు సంగతైతే వారినే అడిగి రాయండి.

నా ఉద్యోగమే కంప్యూటర్లతో. ఆఫీసు డేటాకు మూడు కాపీలు ఉంచే నేను, మా మామ్మ మాటలు ఒక్క ఫోనులోనే దాచాను. ఆ ఫోను పాడైంది. తరువాతి ఏడాదే ఆమె ప్రభువు నందు నిద్రించింది. అందుకే చెబుతున్నాను, ఫోనులో రికార్డు చేసినా ఆ వారంలోనే కాగితం మీదికి ఎక్కించండి. ఒక కాపీ వేరే ఇంట్లో పెట్టండి.

ఆ రోజు బస్సు టికెట్టు వెనక నేను రాసుకున్న ఒక్క ముక్క మిగిలింది. ఓడలో తాగిన నీళ్లు తుప్పు కంపు కొట్టేవట, వాళ్లమ్మ అందులో చింతపండు పిసికి ఇచ్చేదట. ఆ అమ్మ పేరు నేను అడగలేదు.