ప్లీడరుతో చెప్పిన మాట

కేసు పట్టుకుని ప్లీడరు గడప తొక్కేవాళ్ళకు, కోర్టుల్లో తల నెరిసినవాడిగా ఈ సంగతులు చెప్పాలనిపించింది.

1. జరిగింది జరిగినట్టు చెప్పండి. మీరు దాచింది ఎదుటి వకీలు క్రాస్‌లో లాగుతాడు. అప్పటికప్పుడు మీ ప్లీడరు చేయగలిగింది తక్కువ. వృత్తిరీత్యా మీ నుంచి విన్నది, మీకిచ్చిన సలహా, మీరు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప ఆయన బయటపెట్టకూడదు. 1872 సాక్ష్య చట్టంలో ఇది 126వ సెక్షన్‌గా ఉండేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 132. కేసు ముగిసినా, వకాల్తా మార్చినా ఆ కట్టడి పోదు.

2. గుమాస్తాకూ, మాట తర్జుమా చేసేవాడికీ అదే కట్టడి. వెంట తెచ్చుకున్న బావమరిదికి మాత్రం లేదు. రేపు ఆయన్ని సాక్షిగా పిలిస్తే విన్నది చెప్పాల్సి రావచ్చు. అందుకే అసలు విషయం వచ్చేసరికి తక్కినవాళ్ళని వరండాలో కూర్చోమంటాను. కష్టపెట్టుకోకండి.

3. ఈ రహస్యానికి హద్దు ఎక్కడుందో చట్టమే ఉదాహరణలతో చెప్పింది. ‘ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి’ అంటే ఆ మాట భద్రం. ‘ఈ దొంగ దస్తావేజు మీద దావా వేసి ఆస్తి ఇప్పించండి’ అంటే భద్రం కాదు. మొదటివాడు జరిగిపోయినదానికి రక్షణ అడుగుతున్నాడు. రెండోవాడు జరగబోయే మోసానికి ప్లీడర్ని పనిముట్టు చేస్తున్నాడు. భూతగాదాల్లో పాత స్టాంపు కాగితం తెచ్చి, వెనక తేదీతో అగ్రిమెంటు రాయించమనేవాళ్ళున్నారు. ఆ మాటలకు ఏ రక్షణా లేదు. సొమ్ము కాజేశాడన్న కేసును ప్లీడరు చేపట్టాక క్లయింటు లెక్కల పుస్తకంలో అంతకుముందు లేని పద్దు కనబడితే, అదీ రహస్యం కిందకు రాదు. ఇది న్యాయమైన హద్దేనని నా నమ్మకం.

4. కాగితాలు ప్లీడరు బీరువాలో పెట్టినంత మాత్రాన దాగవు. కోర్టు తెమ్మంటే తేవాలి. 2025 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కంపెనీలో జీతానికి పనిచేసే లా ఆఫీసరుకు 132వ సెక్షన్ వర్తించదనీ అంది. అదే తీర్పులో, క్లయింటు కేసు వివరాల కోసం పోలీసులు వకీలుకు సమన్లు ఇవ్వకూడదంది. ఇవ్వాలంటే చట్టం చెప్పిన మినహాయింపు ఉండాలి, పైగా ఎస్పీకి తగ్గని అధికారి రాతపూర్వకంగా ఆమోదించాలి. ఎంతో అవసరమైన మాట అది. ప్లీడరుకే భయం పుడితే పేదవాడు ఎవరితో చెప్పుకుంటాడు?

5. మీరు బోనెక్కి సాక్ష్యమిస్తే, దాన్ని వివరించడానికి అవసరమైనంత మేరకు ప్లీడరుతో మాట్లాడింది చెప్పమని కోర్టు అడగవచ్చు. ఆ సంగతి బోనెక్కకముందే మీ ప్లీడరుతో కూర్చుని తేల్చుకోండి.